చింతగింజలు వేసిన బొమ్మ

పెళ్ళయినప్పటి నుంచి ప్రతి ఆదివారం నాకిదే సరదా. గ్రాఫు కాగితం మీద చింతగింజలు చల్లి, అవి పడిన గళ్ళలోనే అట్టలకు రంధ్రాలు కొడతాను. ఆ అట్టలు మగ్గానికి తగిలించి, ఆ రంధ్రాల ప్రకారం చీరలో ఏ బొమ్మ వస్తే అదే నేస్తారు మా ఆయన ముత్యాలప్ప. ఇంతవరకు లేపాక్షి స్తంభాల మీది లతల్లాంటివే వచ్చాయి.

ఈ రాత్రి కొంగులో ఆడమనిషి పాదాలు వచ్చాయి. తర్వాత కుచ్చిళ్ళు, చేతులు, మెడలో పూలదండ.

మగ్గం చప్పుడు ఆగింది.

"ఇది యాడ చూసి గీసినావు?"

"గీయలేదండీ. గింజలు చల్లినా, అంతే."

ఆయన మళ్ళీ మగ్గం తొక్కారు. గడ్డం వచ్చింది. దాని మీద నా పుట్టుమచ్చ ఉంది.

"ఇంక చాలు, నేసింది కోసేస్తా," అన్నారాయన.

దండ పెళ్ళికూతురికీ వేస్తారు, శవానికీ వేస్తారు.

"కళ్ళు తెరిచుండాయో మూసుండాయో చూడాల. నెయ్యండి," అన్నాను.