పదో పేరు

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు నోటీసు బోర్డు మీద తొమ్మిది పేర్లే ఉన్నాయి.

పది లేకపోతే కోర్సు రద్దు. మెదక్‌లోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలెక్టివ్‌లకు అదే నిబంధన.

ఎలెక్టివ్ అంటే ఇష్టమైన సబ్జెక్టును ఎంచుకోవడమని సిలబస్ పుస్తకం చెబుతుంది. పిల్లలు మాత్రం మార్కులు ధారాళంగా వేసే సారును ఎంచుకుంటారు. అడ్వాన్స్‌డ్ క్రిప్టోగ్రఫీ చెప్పే అమరేందర్ సార్ మార్కుల దగ్గర మహా పిసినారి.

కానీ కృతికకు ఆ రహస్య సంకేతాల చదువంటే ప్రాణం. పై చదువు కూడా అందులోనే చదవాలని ఆశ. హాస్టల్ గదులన్నీ తిరిగి, బతిమాలి, సమోసాలు తినిపించి తనతో కలిపి తొమ్మిది మందిని పోగు చేసింది.

"సార్, సోమవారం దాకా ఆగుండ్రి. ఇంకొకర్ని పట్టుకొస్త."

"నా చేతుల ఏమున్నదమ్మా? ఐదు కొడితే లిస్టు బంద్," అన్నారు సార్.

ఐదుకు ఐదు నిమిషాలుండగా పదో పేరు చేరింది. ఇ. బాలలక్ష్మి.

కృతిక ఎగిరి గంతేసింది. ఆ బాలలక్ష్మి ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

శనివారం క్లాసులో తెలిసింది. ముప్పై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో టిఫిన్ డబ్బా. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా ఎలెక్టివ్‌లో చేరవచ్చని కాలేజీ వాళ్లు ఎప్పుడో ఒక సౌకర్యం పెట్టారు. దాన్ని వాడుకున్న మొదటి మనిషి ఆవిడే.

"మా చిన్నమ్మ గూడ గింతే ఉంటది," అని గొణిగాడు ఆ తొమ్మిది మందిలో ఒకడైన వంశీ.

అందరూ నవ్వారు. కృతిక కూడా.

ఆవిడ ప్రతి శనివారం వచ్చేది. వెనక బెంచీలో కూర్చునేది. ఒక్క ప్రశ్నా అడిగేది కాదు.

ప్రాజెక్టుకు ముగ్గురేసి జట్టు కట్టమన్నారు సార్. తొమ్మిది మంది మూడు జట్లయ్యారు. ఆవిడ మిగిలిపోయింది.

"నన్ను మీతోని కలుపుకుంటవా చెల్లె?"

"ఫుల్లయింది ఆంటీ," అంది కృతిక.

పదో మనిషి కోసం కాళ్లరిగేలా తిరిగిన పిల్లే ఆ మాట అంది.

ఇంకో శనివారం కృతిక ప్రోగ్రాం మొరాయించింది. బాలలక్ష్మి వెనక నుంచి చూసి, "గా నంబర్ తీసే లైను జర చూడు చెల్లె," అంది.

"నేను చూసుకుంట ఆంటీ."

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక, తప్పు సరిగ్గా అక్కడే దొరికింది. ఆ సంగతి కృతిక ఎవరికీ చెప్పలేదు.

పరీక్షకు బాలలక్ష్మి రాలేదు.

"భయపడ్డది," అని తేల్చేశాడు వంశీ.

ఫలితాలు వచ్చాయి. ఆ సబ్జెక్టులో కృతికే క్లాస్ ఫస్ట్. కోరుకున్న చోట పై చదువుకు సీటు కూడా వచ్చింది. లడ్డూల డబ్బా పట్టుకుని సంతోషంగా సార్ గదికి వెళ్లింది.

"సార్, బాలలక్ష్మి ఆంటీ ఇల్లు యాడ? ఆమెకు గూడ ఇస్త."

ఆ లైను సంగతి కూడా ఆవిడ దగ్గర ఒప్పుకోవాలనుకుంది.

"ఇంకెక్కడమ్మా? ఇన్నొద్దులు ఇంటికాడ నుంచే పని చేసింది. కంపెనీ వాళ్లు రమ్మంటే పోయిన వారమే బెంగుళూరుకు షిఫ్టయింది."

"ఏం కంపెనీ సార్?"

"బ్యాంకుల సమాచారానికి తాళాలు తయారుచేసే కంపెనీ. మీకు నేను చెప్పిన పాఠం ఆమెకు రోజు చేసే పని."

కృతిక సిగ్గుతో తల దించుకుంది.

"మరి మా క్లాసుల ఎందుకు కూసున్నది సార్?"

"కాలేజీ వెబ్‌సైట్ల గూడ పెట్టిన మీ లిస్టు చూసిందట. చూసిన పది నిమిషాలల్ల పేరిచ్చింది."

"మమ్మల్ని ఎరుక గూడ లేదు గదా!"

సార్ లడ్డూ తుంచి నోట్లో వేసుకున్నారు.

"పన్నెండేండ్ల కింద గిదే కోర్సు, తొమ్మిది పేర్లే వచ్చినయని నేనే బంద్ వెట్టిన, గా తొమ్మిది మందిని జమ జేసిన పిల్ల ఆమెనే."