తడిరాయి మీది నత్త

ఈ తుంగ మొలిచిన పల్లాన్ని చూసి నవ్వకండి పిల్లలూ. నాకు దంతాలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇది నిండు చెరువు.

దాన్ని ముగ్గురం కాసేవాళ్లం. నీటికి కాస్త పైన రాయిని కరుచుకుని నత్తమ్మ ఉండేది. నీరు పెరిగి ఒంటికి తగలగానే "తడిసిందయ్యోయ్!" అని కేకేసేది. గట్టు మీద తాబేలు తాత ఆ కేక విని, ఎంత నీరు వదలాలో ఆలోచించి చెప్పేవాడు. తూముకు అడ్డం పెట్టిన దుంగను లాగడానికి ఏనుగుని నేనుండేవాణ్ణి. ఎన్ని వానాకాలాలు అలా హాయిగా గడిచాయో!

ఓ ఏడు నాకే జాలి పుట్టింది.

"పాపం నత్తమ్మ, ముసలితనంలో ఆ చెమ్మలో ఎందుకు? ఆవిడ పనల్లా అరవడమేగా! ఆ అరుపేదో గట్టు మీద నుంచే అరవొచ్చు" అన్నాను.

తాత సరేనన్నాడు. తొండంతో మెల్లగా ఎత్తి, ఆయన పక్కనే ఆకుల గొడుగు కింద కూర్చోబెట్టాను. నత్తమ్మ మురిసిపోయింది.

ఆ వారమే ముసురు పట్టింది. వాన తెరలో చెరువు కనపడలేదు.

"నీరెంత దాకా వచ్చిందమ్మా?" అన్నాడు తాత.

నత్తమ్మ బిక్కమొహం వేసింది. "ఇక్కడికొచ్చాక మీకెంత తెలుసో నాకూ అంతే తాతా."

తాత తెలివి తాత దగ్గరే ఉంది. నా బలం నా దగ్గరే ఉంది. గట్టు తెగిపోయింది.

ఆ రాయి ఇంకా అక్కడే ఉంది, చూడండి. ఇప్పటికీ చినుకు పడితే నా చెవులు అటే తిరుగుతాయి.