చీమల తెప్ప

వాగు పొంగి తగ్గిన మర్నాడు, గోరింక మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని అడవికంతా కబురు చెప్పింది. "పాపం, ఎర్రచీమలు వరదలో కొట్టుకుపోతుంటే ఏనుగు జాలిపడి కొమ్మ విసిరింది. లేకపోతే ఒక్కటీ మిగిలేది కాదు."

అడవి కంటతడి పెట్టింది. ఆ జాలితోనే సింహం, చీమల పుట్టను వాగుగట్టు మీంచి కొండబండ మీదికి మార్చెయ్యమంది.

బండ మీద పిడికెడు మట్టి లేదు. ముసలిచీమ సూరమ్మ ఒళ్లు మండి చెట్టెక్కింది.

"గోరింకయ్యా, కొమ్మ ఎవరూ వెయ్యలేదు. మేమే ఒకరి కాళ్లు ఒకరం పట్టుకుని తెప్పలా తేలాం. గుడ్లను నడిమధ్య పెట్టుకున్నాం. అడుగునున్నవాళ్లకు ఊపిరాడకపోతే పైవాళ్లం కిందికి దిగాం. అలా ఒడ్డు చేరాం."

"ఇక్కణ్ణుంచి ఎర్రటి మరకే కనబడిందిలే. అయినా నీ గొంతు ఎవరికి వినబడుతుంది? మీ తరఫున చెప్పడానికి నేను లేనూ?"

సూరమ్మ చెట్టు దిగింది. ఎదురైన చీమకు తలానించి కబురు చెప్పనిదే ఏ చీమా ముందుకు నడవదు. ఆ రోజు చీమలన్నీ ఎదురైన ప్రతి జంతువు దగ్గరా అలాగే ఆగి, జరిగింది చెప్పాయి. సూరమ్మ ఏనుగు చెవి దాకా పాకింది.

"నేనసలు వరద రోజు వాగువైపే రాలేదు," అంది ఏనుగు, అందరూ వినేలా.

సింహం తన మాట వెనక్కి తీసుకుంది. సాయంత్రానికి అడవంతా చీమల నోటనే ఆ కథ వినాలని పుట్ట ముందు వరస కట్టింది.

"ఏం చెబుతున్నారక్కడ? నాకూ వినబడాలి," అంది గోరింక కొమ్మ మీంచి.

సూరమ్మ తలెత్తలేదు.

"కిందికి దిగు నాయనా. వచ్చి వరసలో నిలబడు."