విలన్ వంతు

సాయంత్రం ఏడింటికి ప్రతి ఇంటి గోడా ఆ ఇంటివాళ్ల రోజును కథగా చూపిస్తుంది. చుట్టుపక్కల వాళ్లందరూ చూస్తారు. ప్రతి కథలో ఒక హీరో, ఒక విలన్ ఉండాలి. విలన్ లేకుండా గోడ కథ కట్టదు.

విజయనగరంలో భానోజీ ఇంట్లో విలన్ పని వంతులేసుకున్నారు. భానోజీ కంచం విసురుతాడు. మర్నాడు భార్య సువర్చల తలుపులు ధడాలుమనిపిస్తుంది. ఆ మర్నాడు అతని తల్లి పైడమ్మ కోడలి పులుసులో ఉప్పు గుమ్మరిస్తుంది. బడిలో చెప్పేస్తుందని ఆరేళ్ల కూతురు లహరికి ఈ సంగతి చెప్పలేదు.

బుధవారం భానోజీ వంతు. జ్వరంతో పడుకుండిపోయాడు.

ఏడింటికి గోడ మీద విలన్‌గా లహరి ముఖం వచ్చింది. తండ్రి నుదుటి మీది తడిగుడ్డ లాక్కుని పరుగెత్తడం చూపించింది. మళ్లీ తడిపి తెచ్చి వెయ్యడం చూపించలేదు.

"ఓలమ్మోలమ్మ! పసిపిల్లని ఇలన్‌ని సేత్తాదేటి ఈ గోడ?" అంది పైడమ్మ.

"పొద్దున్న గుర్తు చేశాను కదండీ! ఒక్క తిట్టు తిట్టి పడుకోలేకపోయారా?" అంది సువర్చల.

భానోజీ గోడ పట్టుకుని లేచి కంచం విసిరాడు. "నేనే! నన్ను వేసుకో!" అని అరిచాడు. అప్పటికే కథ అయిపోయింది. ఆ కంచం రేపటి కథలోకి వెళుతుంది.

ఎదురింట్లో గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. లహరి రోజూ ఆడుకునేది ఆ ఇంట్లోనే.

లహరి ఆ తలుపు వైపు చూసి, పైడమ్మ దగ్గరికి వచ్చింది.

"మామ్మా, నేను చెడ్డదాన్నని నీకు ముందే తెలుసా?"