గొళ్ళెం మీద చెయ్యి

తెర ఒక్కసారిగా నల్లబడింది.

"అయిపోయిందా?" అంది లస్మవ్వ.

"అయిపోయింది నాయినమ్మా," అంటూ స్పందన ప్రొజెక్టర్ ఆపి, మందిరం కిటికీలకు కప్పిన దుప్పట్లు తీసింది. బాన్సువాడ మధ్యాహ్నపు ఎండ భళ్ళున లోపలికొచ్చింది.

"ఇదేం సినిమనే? తలుపు తీసిందో లేదో చెప్పకుంటనే బందు వెట్టిన్రు!"

అందరి గొడవా అదే. నెలకోసారి ఆదివారం ఆరాధన అయ్యాక అంతా కలిసి ఒక సినిమా చూడటం, చూశాక అందులో దేవుడెక్కడున్నాడో తలా ఒక మాట చెప్పడం ఆ చిన్న సంఘానికి అలవాటు. ఈసారి స్పందన మరాఠీ సినిమా తెచ్చింది. సరిహద్దు ఊళ్ళవాళ్ళే కాబట్టి కథ అందరికీ అర్థమైంది. పడవ మునిగి ఒక ముసలమ్మ కొడుకు చనిపోతాడు. పడవ నడిపినవాడు మాత్రం బతుకుతాడు. కొన్నేళ్ళకు ఒక వానరోజు వాడు ఆమె గుమ్మం ముందు నిలబడి "అమ్మా" అని పిలుస్తాడు. ముసలమ్మ లేచి, తలమీద కొంగు కప్పుకుని, దీపం పట్టుకుని వచ్చి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేస్తుంది. తీయడానికో, ఇంకా బిగించడానికో తెలియదు. అంతే సినిమా.

లస్మవ్వకు అది తన కథే అనిపించింది. కాదా మరి! మూడేళ్ళ కింద నిజాంసాగర్ కాలువలో ట్రాక్టర్ బోల్తాపడి ఆమె ఒక్కగానొక్క కొడుకు దేవదాస్ పోయాడు. ట్రాక్టర్ నడిపింది బాలరాజ్, కోడలు భాగ్యకు సొంత తమ్ముడు. శవం ఇంట్లో ఉండగానే "నా గడప తొక్కితె నీ కాళ్ళిరగ్గొడత" అంది లస్మవ్వ. వాడు మళ్ళీ తొక్కలేదు.

ఇప్పుడు వచ్చే గురువారం మనవరాలు స్పందన పెళ్ళి. తండ్రి లేని పిల్లను మేనమామే చెయ్యి పట్టుకుని మందిరంలోకి తీసుకురావాలి, అది వాళ్ళ ఆచారం. పాస్టర్ ప్రభుదాస్ బతిమాలాడు, బీర్కూర్ చుట్టాలు వచ్చి గడ్డం పట్టుకున్నారు. లస్మవ్వ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. భాగ్యను అడిగితే, "అత్తమ్మ మాటనే నా మాట" అని ఊరుకుంది.

"భాగ్యా, నువ్వు చెప్పమ్మా. దేవుడు తలుపుకు లోపలున్నడా, బయటున్నడా?" అడిగాడు ప్రభుదాస్.

భాగ్య లేచి నిలబడింది. "లోపల్నే ఉన్నడు అయ్యగారూ. గామె గొళ్ళెం బిగవెట్టింది. న్యాయమే చేసింది."

"నీకెవరు చెప్పిన్రే?" అంది లస్మవ్వ.

"ఎవరన్న చెప్పాల్నా అత్తమ్మా? వాడు కొడుకును మింగినోడు. నేనైతె చచ్చినా తియ్య."

"నీ మొఖం! గామె కొంగు కప్పుకున్నది చూడలేదా? మనిషి ముందలికి పొయ్యెటామెనే తల కప్పుకుంటది. గొళ్ళెం బిగించనీకి కొంగెందుకు?"

"సలివెట్టి కప్పుకున్నదేమొ."

"మరి దీపమెందుకు తెచ్చింది? వాని మొఖం చూద్దామనే గద!"

"చూసి ఏం జేస్తది? సచ్చినోడు తిరిగొస్తడా?"

నోట్లో నాలుక లేని భాగ్య, అత్త ముందు అంత మాట అంటుందని ఎవరనుకున్నారు? లస్మవ్వకు ఒళ్ళు మండిపోయింది.

"రాడు! నాకెర్కలేదానె?" అంటూ లేచింది. "సచ్చినోడు రాడు. వానల నిలవడ్డోడన్న లోపలికి రావద్దా? పడవ మునగాల్నని వాడేమన్న మొక్కుకున్నడా? వాడు గూడ గా నీళ్ళల్లనే వడ్డడు గద!"

"అయితె తలుపు తియ్యాల్నంటవా?"

"తియ్యాలె! తియ్యకుంటె గామె తల్లే గాదు!"

ప్రభుదాస్ ఏదో అనబోయి, బుద్ధి తెచ్చుకుని నోరు మూసుకున్నాడు. తన నోటి నుంచి ఏం వచ్చిందో లస్మవ్వకు అప్పుడు తెలిసింది. చాప మీద కూలబడి, కొడుకును మట్టిలో పెట్టిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఆ తర్వాత మొహం తుడుచుకుంది. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదామె.

"భాగ్యా, నీ తమ్మునికి ఫోన్ కలుపు. నేను మాట్లాడత."

"వద్దు అత్తమ్మా, నువ్వు అన్న మాట..."

"నా మాటనే చెప్తున్న. ఇగ నోర్ముయ్యి!"

గురువారం నాడు బాలరాజ్ కొత్త తెల్ల చొక్కా వేసుకుని, స్పందన చెయ్యి పట్టుకుని మందిరంలోకి నడిచాడు. వాడి కళ్ళనీళ్ళు ఆగట్లేదు. లస్మవ్వ ఎదురెళ్ళి, "ఏడువకురా, పోరి చీర తడుస్తది," అని వాడి వీపు నిమిరింది. ఆమె గుండెలోంచి ఏదో పెద్ద బరువు దిగిపోయింది.

భోజనాలయ్యాయి. పిట్లంలోని అత్తారింటికి వెళ్ళే కారు కోసం ఎదురుచూస్తున్న మనవరాలి పక్కన చేరింది లస్మవ్వ.

"గా సినిమ మల్లొక్కపారి చూపియ్యే. గామె తలుపు తీసిందని అంతమందిల నేనొక్కదాన్నే గుర్తువట్టిన గద!"

స్పందన ఫోన్ బయటికి తీసింది. పెళ్ళయిపోయింది, మామ అన్నం తింటున్నాడు, ఇంక దాచేదేముంది?

"ఈసారి పూర్తిగ చూడు నాయినమ్మా," అంటూ ఫోన్ చేతిలో పెట్టింది.

ముసలమ్మ తలుపు దాకా వచ్చింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. తెర నల్లబడలేదు. ముసలమ్మ గొళ్ళేన్ని ఇంకా గట్టిగా బిగించి, దీపం ఆర్పేసి, వెనక్కి వెళ్ళి పడుకుంది. బయట వాన కురుస్తూనే ఉంది.

"గిదేందే! మందిరంల గీ ముక్క లేకుండె గద!"

టెంట్ కింద భాగ్య తమ్ముడి విస్తట్లో ఇంకో గరిటె కూర వేస్తోంది. స్పందన అటు చూసింది.

"కొయ్యమన్నది అమ్మనే."