ముడవని గొడుగు

"ముందు ఆ గొడుగు లాక్కోరా!" అన్నాడు మంగరాజు.

సత్యం లాక్కున్నాడు.

ముసలాయన పెనుగులాడలేదు. ఎర్రబట్ట గొడుగు చేతిలోంచి పోగానే, ఎండకి కళ్లు చికిలించి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తెల్లచొక్కా, నీలం లుంగీ. డెబ్బై ఏళ్లుంటాయి. బర్మా ఆయన. పేరేమిటో, ఎక్కడివాడో స్టేడియం గేటు దగ్గర ఎవరికీ తెలియదు.

తెలిసిందల్లా ఒకటే. ఆయన గొడుగు ముడిస్తే హరి ఆట ఆపేస్తాడు.

హరినాథ్ మంగరాజు మేనల్లుడు. పంతొమ్మిదేళ్లవాడు. సేక్కాన్ రేవు బేస్‌బాల్ జట్టుకి బంతి విసిరేది వాడే. ఆటలోకి దిగిన మొదటి ఏడాదే యాంగోన్ నగరాన్ని ఊపేశాడు. వాడి బంతి కంటికి కనపడదు, చప్పుడే వినపడుతుంది అనేవారు. టీకొట్లలో వాడి మాటే. బస్సుల వెనక వాడి బొమ్మే. అహ్లోన్ పేటలో తెలుగు పిల్లలు వాడిలాగే మామిడి టెంకలు విసిరి కిటికీ అద్దాలు పగలగొడుతున్నారు.

కానీ ప్రతి మ్యాచ్‌లోనూ ఒకటే తంతు. మూడో వరసలో, స్తంభం పక్కన, ఈ ముసలాయన గొడుగు వేసుకుని కూర్చుంటాడు. పెదాలు కదుపుతూ బంతులు లెక్కపెడతాడు. ఉన్నట్టుండి గొడుగు ముడుస్తాడు. రెండు నిమిషాల్లో హరి మైదానం వదిలి వచ్చేస్తాడు. ఎందుకురా అంటే అలిసిపోయానంటాడు. వాడు వచ్చేశాక జట్టు రెండు మ్యాచ్‌లు ఓడింది కూడా.

"దిట్టి కాదు బావా, సేతబడే!" అన్నాడు సత్యం. "మాయమ్మ ఎండుమిరపకాయలు తిప్పినా పోనేదు. బిడ్డ సేతిని అలా ఎవులైనా లెక్కెడతారేటి?"

ఇవాళ ఫైనల్.

అక్కడి జట్టుకి ఆటగాళ్లని ఎంచుకోడానికి జపాన్ నుంచి ఒకాయన నోటుబుక్కుతో వచ్చాడు. ఆట మొత్తం, తొమ్మిది ఇన్నింగ్సూ హరి ఒక్కడే విసరగలిగితే వెంటనే తీసుకుపోతానన్నాడు.

వచ్చే నెల వార్డులో కుర్రాళ్లని బలవంతంగా సైన్యంలో చేర్చడానికి చీటీలు తీస్తారు. ఆ డబ్బాలో హరి పేరూ ఉంది. చీటీ లేచేలోగా వాణ్ణి విమానం ఎక్కించాలి. మంగరాజుకి మూడు వారాలుగా కంటిమీద కునుకు లేదు. తల్లీ తండ్రీ లేని గుంటణ్ణి పెంచి పెద్దచేసింది తుపాకీకి అప్పజెప్పడానికా?

"నన్ను లోపలికి పోనివ్వండి," అన్నాడు ముసలాయన బర్మా భాషలో. "ఈ ఒక్కరోజూ నేనుండాలి."

"ఈ ఒక్కరోజే నువ్వుండకూడదు తాతా."

"అయితే ఆ పని మీరే చెయ్యండి. డెబ్బయ్యో బంతికి గొడుగు ముడవండి."

సత్యం పకాలున నవ్వాడు. "ఇన్నావా బావా? మంత్రం మనసేతే సదివిత్తాడట!"

"ఎందుకు ముడవాలి? చెప్పు," అన్నాడు మంగరాజు.

ముసలాయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే జపాను ఆయన గేటులోకి వస్తూ వాళ్ల పక్కన ఆగాడు. ముసలాయన ఆయన్ని చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"డెబ్బై," అన్నాడు మళ్లీ, చేతులు జోడించి. అంతే.

సత్యం స్నేహితుడు సుభాష్ ఆయన్ని తన టాక్సీలో కుదేసి, ఊరి నడిబొడ్డున ఉన్న చౌక్తడా వైపు పోనిచ్చాడు. ఆ ట్రాఫిక్‌లో పడ్డవాడు సాయంత్రానికి గాని తిరిగి రాలేడు.

మంగరాజు అదే మూడో వరసలో, అదే స్తంభం పక్కన కూర్చున్నాడు. గొడుగు విప్పాడు.

"ముడిత్తేగదా ఆడు ఆపేది? సచ్చినా ముడవను."

అయిదు ఇన్నింగ్స్ దాకా హరి బంతిని తాకినవాడు లేడు. "కో హరీ! కో హరీ!" అని, బర్మా భాషలో హరి అన్నా అంటూ, స్టేడియం ఊగిపోతోంది.

ఆరోదానిలో హరి మూడో వరస వైపు చూశాడు. ఎర్ర గొడుగు విచ్చుకునే ఉంది. తలూపి మళ్లీ విసిరాడు.

ఏడు. మళ్లీ చూశాడు.

"మనల్నే సూత్తన్నాడు బావా!" సత్యం ఈల వేశాడు.

ఎనిమిది. హరి ముఖం పాలిపోయింది. బంతికీ బంతికీ మధ్య మోచేతిని కడుపులోకి అదుముకుంటున్నాడు. చూపు మాత్రం గొడుగు మీదే.

మంగరాజు చేతులు తిమ్మిరెక్కాయి. అయినా కాడ వదల్లేదు. "ఇంకొంచెం నానా. ఇంకొక్కటే."

తొమ్మిది. ఆఖరి బంతి.

బ్యాట్ గాలిని కొట్టింది. బంతి వెళ్లి పట్టేవాడి తొడుగులో ధన్‌మంది.

గెలిచారు!

జనం కంచె మీంచి మైదానంలోకి విరుచుకుపడ్డారు. గొడుగు ముడవడం కూడా మరిచిపోయి మంగరాజు వాళ్లతో పరుగెత్తాడు.

హరి గెంతడం లేదు. మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి నుంచి, ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది.

జపాను ఆయన వంగి ఆ చేతిని ఒక్కసారి తడిమాడు. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఏటైందిరా? ఒరే, ఏటైందిరా నానా?"

హరి గొడుగు కింద ఉన్న ముఖం చూశాడు. ఆ వెనక ఇంకెవరి కోసమో వెతికాడు.

"నువ్వేటి మావా, దీన్ని పట్టుకున్నావు? ఆయనేడీ?"

"పంపేసినాను."

"ఇసరడం మొదలెడితే నాకు లెక్కుండదు. డెబ్బై అవగానే ముడుత్తానన్నాడు. ముడవనేదని ఇసురుతూనే ఉన్నాను."

"ఎవులురా ఆయన?"

"మోసేతిలో నరం సగం తెగుందని తెలిత్తే నువ్వు నన్ను ఆడనివ్వవు. జపానోళ్లు తీసుకోరు. ఎవులికీ సెప్పొద్దని కాళ్లట్టుకున్నాను మావా," అన్నాడు హరి. "ఆయన నా డాక్టరు."