రాణిగారి నవ్వుపాట

“అన్నా, మళ్ళీ మెట్టు తప్పావ్,” అన్నాడు లాజరు, అమలమ్మ చెయ్యి వదలకుండానే.

సంజీవరావు హార్మోనియం మీంచి తల ఎత్తలేదు. “ముందు నువ్వా చెయ్యి వదులు. అంతసేపు పట్టుకోనక్కర్లేదు.”

“ఎప్పుడూ ఇంతసేపేగదన్నా పట్టుకునేది!”

కిటికీ దగ్గర కూచుని కాగితం పూలు చుడుతున్న ఆదెమ్మ, పక్కనున్న తెరేసమ్మను మోచేత్తో పొడిచింది.

“చూశావా ఆ మొహం? పచ్చి చింతకాయ కొరికినట్టు ఎట్టా పెట్టాడో!”

“కడుపు మండదా మరి? వాళ్ళిద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, నువ్వు వాయించు నాయనా అంటే ఎవరికి మాత్రం మండదు?”

అది పామర్రులో గుడి పండక్కి ఏటా ఆడే నాటకం. ఒకప్పుడు ఆ గుళ్ళో ఉండి వెళ్ళిన ఫ్రెంచి ఫాదరుగారు తమ దేశపు పాటల నాటకాన్ని తెలుగులో రాయించారు. వందేళ్ళ కిందట పారిస్ జనం ఇలాంటివి చూసి పడీ పడీ నవ్వేవారట. అందులో ఎవరూ మామూలుగా మాట్లాడరు. తలుపు తియ్యమనడానికీ పాటే, తియ్యననడానికీ పాటే. దొంగను పట్టుకోవాల్సిన పోలీసులు చిందులేస్తూ వచ్చి, దొంగతో కలిసి చిందులేస్తూ వెళ్ళిపోతారు. చిలిపి రాజొకడు పెళ్ళాన్ని కోటలో వదిలేసి, బజార్లో పూలమ్మే పిల్ల వెంట పడతాడు. ఆ పూలమ్మి మారువేషంలో ఉన్న రాణే. రాజు మోకాళ్ళ మీద కూలబడి ప్రేమించానని పాడగానే, రాణి ముసుగు తీసి నవ్వుతుంది. ఆ నవ్వంతా రాగంలోనే నవ్వాలి. జనం వచ్చేది ఆ నవ్వుపాట కోసమే.

రైసుమిల్లులో లారీ తోలే లాజరుది రాజు వేషం. కొత్తగా వచ్చిన ఫాదరుగారు గుళ్ళో అమలమ్మ గొంతు విని, “ఈ ఏడు రాణి ఈవిడే,” అన్నారు. ఆమె భర్త సంజీవరావుకి హార్మోనియం అప్పజెప్పారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

సంజీవరావు మీసం పెంచడం మొదలుపెట్టాడు. లాజరు అంటించుకునే మీసానికి పోటీ అని ఊరు నవ్వుకుంది.

రిహార్సలు అయ్యాక లాజరు సైకిలు నడిపించుకుంటూ వెంటబడ్డాడు.

“నా మీద కోపమా అన్నా? ఫాదరుగారు చెప్పారుగానీ నేనడిగానా? వదిన చెయ్యి పట్టుకుంటే నాకూ వణుకొస్తంది.”

“నీకేంరా, నువ్వు రాజువి. పక్కన ఎవరుంటే నీకేం?” అని విసవిసా వెళ్ళిపోయాడు సంజీవరావు.

ఇంటికొచ్చేసరికి అమలమ్మ రాణిగారి పట్టుగౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉంది. నడుం దగ్గర వదులుగా ఉందని సూదీ దారం చేతిలోకి తీసుకుంది.

“దాన్ని కత్తిరించకు!” అని గుమ్మంలోంచే అరిచాడు.

“కత్తిరించట్లేదండీ, కుట్టు వేస్తున్నాను.”

“నా ఎదురుగా అది తొడుక్కోకు. చూళ్ళేను.”

అమలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “మానెయ్యమంటే మానేస్తానండీ. ఒక్క మాట చెప్పండి. నాకు మీకంటే నాటకం ఎక్కువా?”

ఆ ఒక్క మాట అతని నాలిక చివరిదాకా వచ్చింది. మానెయ్యి అంటే చాలు. కానీ పొద్దున నూతి దగ్గర నీళ్ళు తోడుతూ ఆమె పాడుకున్న పాట గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఆమె అంత గొంతు విప్పి పాడటం అతను వినలేదు.

“మానెయ్యమనడానికి నేనెవర్ని?” అని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

పండగనాడు పొద్దువాలేసరికి గుడి ఆవరణంతా జనం. పెట్రోమాక్సు లైట్లు బుస్సుమంటున్నాయి. ముందు కుర్చీలో విజయవాడ నుంచి వచ్చిన డాక్టరుగారు కూర్చున్నారు. పోలీసుల చిందులకి ఈలలు పడ్డాయి. లాజరు అమలమ్మ చెయ్యి పట్టుకున్నాడు. జనం వెర్రెత్తిపోయారు. తెర పక్కన చీకట్లో సంజీవరావు పళ్ళు కొరుక్కుంటూ వాయించాడు. ఆ చప్పట్లలో ఒక్కటీ తనకోసం కాదు.

లాజరు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అమలమ్మ ముసుగు తీసింది. నోరు తెరిచింది.

నవ్వు రాలేదు.

జనాన్ని చూసి బిగుసుకుపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. “ఇంతేనా రాణి?” అని గొణిగారు ఇంకొకరు. ఆ మాట సంజీవరావు చెవికి తియ్యగానే తగిలింది. వేళ్ళు ఎత్తి ఊరుకుంటే సరిపోయేది. రేపటినుంచి ఎవరూ ఆమెను రాణి అనరు.

అమలమ్మ భయంగా అతని వంక చూసింది.

సంజీవరావు కళ్ళు మూసుకుని మెట్ల మీద వేళ్ళు గెంతించాడు. పైకి, కిందికి, మళ్ళీ పైకి. హార్మోనియమే కిలకిలమన్నట్టయింది. ఆ కిలకిలని పట్టుకుని అమలమ్మ చిన్నగా నవ్వింది. తర్వాత గలగలా నవ్వింది. ఆ నవ్వు రాగమై, ఆవరణ దాటి కాలవ గట్టుదాకా పోయింది. జనం లేచి నిలబడ్డారు.

తెర పడగానే డాక్టరుగారు స్టేజీ ఎక్కారు. పూలదండల మధ్య ఊపిరాడకుండా ఉన్న అమలమ్మను చూసి, సంజీవరావు భుజం తట్టారు.

“అదృష్టవంతులండీ మీరు! ఇలాంటి రాణిని ఇన్నేళ్ళూ ఎక్కడ దాచారు?”

సంజీవరావు హార్మోనియం పెట్టె మూత వేసి, తలొంచుకుని నిలబడ్డాడు.

“కిందటేడు దాకా ఆ రాణి వేషం నాదేనండీ.”